రంధ్రం వేయకముందు: రాకర్ పౌడర్ స్కీల మీద బైండింగ్ చోటు – ప్రాజెక్టు డైరీ

చేతిలో ఉన్నవి

స్కీ మీద 184 అని రాసి ఉంది. వెడల్పు ముక్కు దగ్గర 138, నడుము దగ్గర 112, తోక దగ్గర 130 మి.మీ. లోపల చెక్క, పైనా కిందా ఫైబర్‌గ్లాస్, లోహపు పొర లేదు. ముక్కు వైపు పొడుగాటి రాకర్ (కొస పైకి లేచిన వంపు), పాదం కింద కొద్దిగా క్యాంబర్ (నడుము లేచి ఉండే వంపు), తోక వైపు పొట్టి రాకర్. బూటు సైజు 26.5, సోల్ పొడవు 305 మి.మీ. బైండింగ్ అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే ముందు, వెనక ముక్కలు; ఇది మామూలు ఆల్పైన్ రకం, ఒక్కో స్కీకి 8 స్క్రూలు. జతకి 16 రంధ్రాలు.

వాడబోయేది వాషింగ్టన్ రాష్ట్రంలోని కాస్కేడ్ కొండల్లో, ఎక్కువగా స్టీవెన్స్ పాస్, మౌంట్ బేకర్. సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు ఉండే తెలుగువాళ్లు స్కీకి వెళ్తే ఎక్కువగా ఈ కొండలకే. మౌంట్ బేకర్ స్కీ ప్రాంతంలో 1998–99 శీతాకాలంలో 1,140 అంగుళాల మంచు పడింది, అంటే దాదాపు 29 మీటర్లు. అది ప్రపంచ రికార్డు. మంచుకి కొదవలేదు గానీ పసిఫిక్ తేమతో వచ్చే మంచు కాబట్టి బరువెక్కువ. ఇక్కడివాళ్లు దాన్ని ‘కాస్కేడ్ కాంక్రీట్’ అంటారు. యూటాలో పడే పొడి మంచుకి కుదిరిన చోటు ఈ తడి మంచుకి కుదురుతుందని లెక్క లేదు. ఈ డైరీలో కొలతలన్నీ చివరికి ఆ ప్రశ్న దగ్గరికే వస్తాయి.

రెండు మాటలు ముందే చెప్పుకోవాలి. క్యాంబర్ అంటే స్కీని నేల మీద పెడితే నడుము కింద విల్లులా లేచి ఉండే వంపు. రాకర్ దానికి తిరగేసిన వంపు, పడవ ముక్కులా కొసలు ముందే పైకి లేచి ఉంటాయి. 2002 ప్రాంతంలో స్కీయరు షేన్ మెకాంకీ ఆలోచనతో వోలాంట్ కంపెనీ తెచ్చిన స్పాచులా స్కీ ఈ దారికి మొదలు. దానికి అడుగంతా పడవ వంపే, పైగా నడుము దగ్గరే అన్నిటికన్నా వెడల్పు. ఇప్పటి పౌడర్ (మెత్తటి తాజా మంచు) స్కీల్లో చాలావరకు అంత దూరం పోవు, పాదం కింద క్యాంబర్, కొసల్లో రాకర్ కలిపి ఉంటాయి. ‘మధ్య ఎక్కడ’ అన్న ప్రశ్నకి ఒకే జవాబు లేకుండా పోయింది ఈ కలయిక వల్లనే.

పని రోజు 1 – టేపు కొలతలు

184 అన్నది పేరు మాత్రమే. ఒక కంపెనీ అడుగు వంపు వెంట కొలుస్తుంది, ఇంకొకటి కొస నుంచి కొసకి తిన్నగా కొలుస్తుంది. టేపుని తోక కొస నుంచి ముక్కు కొసకి గాలిలో తిన్నగా బిగించి లాగితే వచ్చింది 182.6 సెం.మీ. అందులో సగం 91.3. దీన్ని ‘అసలు మధ్య’ అనుకుందాం.

ఇక్కడి నుంచి అన్ని కొలతలూ తోక కొస నుంచే. ముక్కు గుండ్రంగా, పైకి లేచి ఉంటుంది కాబట్టి టేపు అక్కడ కుదురుగా కూర్చోదు. సగం కొలతలు అటు నుంచి, సగం ఇటు నుంచి తీసుకుంటే 5 మి.మీ. తేడా ఎక్కడ దూరిందో తర్వాత పట్టుకోలేం.

బూటు మధ్య ఇక్కడ రావాలని కంపెనీ ముద్రించిన గీత ఎడమ స్కీకి 84.8 దగ్గర ఉంది, అసలు మధ్యకి 6.5 సెం.మీ. వెనక. కుడి స్కీకి అదే గీత 84.5 దగ్గర ఉంది. రెండింటి పొడవూ ఒకటే, ముద్రే 3 మి.మీ. జరిగింది. పైపొర అచ్చులో అతికించేటప్పుడు ఇలాంటి జరుగుడు మామూలే. గీతని నమ్మి రెండింటికీ విడివిడిగా బిగిస్తే ఒక కాలు ముందు, ఒక కాలు వెనక. రెండు స్కీల తోకల్నీ గోడకి ఆనించి పక్కపక్కన పెట్టి గీతలు కలుస్తున్నాయో లేదో చూడండి, అర నిమిషం పని. మేం ఎడమదాన్నే ప్రమాణంగా తీసుకుని మాస్కింగ్ టేపు అంటించి, రెండింటికీ 84.8 దగ్గర సన్న పెన్సిల్‌తో కొత్త గీత గీశాం.

పని రోజు 2 – నేలని తాకే భాగం

ముందు ఒక్క స్కీని రాతి బల్ల మీద పెట్టి చూశాం. గ్యారేజీ నేల పనికిరాదు, నీరు పోవడానికి వాలు పెట్టి ఉంటారు. బరువు లేకుండా పెడితే క్యాంబర్ వల్ల రెండు చోట్లే తాకుతుంది. సన్న కాగితం ముక్కని కింద జరుపుకుంటూ పోతే ఎక్కడ ఆగుతుందో అదే తాకే చోటు. వెనకది 38.0, ముందుది 125.6. వాటి మధ్య 81.8.

తర్వాత రెండు స్కీల అడుగుల్నీ ఎదురెదురుగా పెట్టి, నడుము దగ్గర గుడ్డ చుట్టి క్లాంపుతో దగ్గరికి నొక్కాం. మనిషి నిలబడినప్పుడు గట్టి మంచు మీద స్కీ ఇలా ఉంటుంది. తాకే భాగం కొంచెం రెండు వైపులా పెరిగి 35.0 నుంచి 129.6 దాకా వచ్చింది. మధ్య 82.3. క్యాంబర్ నొక్కినా మధ్య అర సెంటీమీటరే కదిలింది. కాబట్టి ఈ అంకెని నమ్మొచ్చు.

182.6 సెంటీమీటర్ల స్కీలో గట్టి మంచుని తాకేది 94.6 మాత్రమే, సగం కన్నా కాస్త ఎక్కువ. ముక్కు వైపు 53 సెంటీమీటర్లు గాల్లో ఉంటే తోక వైపు 35. అందుకే తాకే భాగపు మధ్య అసలు మధ్యకి 9 సెం.మీ. వెనక పడింది.

నడుములో అన్నిటికన్నా సన్నని చోటు వెతకడం అనుకున్నంత సులువు కాదు. 10 సెం.మీ. పొడవునా వెడల్పు పదో వంతు మిల్లీమీటరు కూడా మారదు, కాలిపర్‌లో అంకె కదలదు. దానికి ఒక ఉపాయం ఉంది. ముందు వైపు 113.0 ఎక్కడ వస్తుందో, వెనక వైపు 113.0 ఎక్కడ వస్తుందో గుర్తు పెట్టి వాటి మధ్య తీసుకోవాలి. 82.0 వచ్చింది. ముక్కులో అతి వెడల్పు చోటు 152.1, తోకలో 21.0. వాటి మధ్య 86.6.

ఇప్పటికే మూడు మధ్యలు వచ్చాయి. గట్టి మంచు మీద 82.3, నడుము సన్నని చోటుకి 82.0, మెత్తటి మంచులో స్కీ మునిగి అంచు పూర్తిగా పనిచేసినప్పుడు 86.6. కంపెనీ గీత 84.8 వీటి నడుమ ఉంది. కంపెనీ డిజైనరు రెండు పనులకీ రాజీ కుదిర్చి గీసిన గీత అది, అందులో తప్పేం లేదు. మన పని ఆ రాజీ మన మంచుకి, మన పాదానికి సరిపోతుందా అని చూడడం.

పని రోజు 3 – పాదం ఎక్కడుంది

బూటు పక్కన ఉండే మధ్య గీతని స్కీ మీది గీతకి కలుపుతాం. బరువు నిలిచేది మాత్రం ఆ గీత మీద కాదు. వాలు మీద సరిగ్గా నిలబడినప్పుడు అంచుని నొక్కేది బొటనవేలి మొదటి కీలు దగ్గర, పాదం బంతిలా ఉబ్బే చోటు.

బూటు లోపలి మెత్తని లైనర్ బయటికి తీసి, తొడుక్కుని, ఆ కీలుని వేలితో తడిమి పెన్నుతో గుర్తు పెట్టాం. లైనర్ మళ్లీ షెల్‌లో పెట్టి, ఆ గుర్తుకి తిన్నగా షెల్ బయట టేపు ముక్క అంటించి, అక్కడి నుంచి మధ్య గీత దాకా కొలిస్తే 60 మి.మీ. ముందుకి వచ్చింది.

పాత పద్ధతి ఒకటుంది, ఇప్పటికీ చాలామంది చెబుతారు: పాదం కీలుని, నేల తాకే భాగపు మధ్య మీద పెట్టు. పాత తరహా స్కీకి అది చక్కగా పనిచేసేది. 182 స్కీలో ముందు తాకే చోటు ముక్కుకి 18 సెం.మీ. లోపల, వెనకది తోకకి 5 సెం.మీ. లోపల ఉందనుకోండి. మధ్య 84.5, అందులోంచి 6 తీసేస్తే బూటు గీత 78.5, అంటే అసలు మధ్యకి 12.5 వెనక. సంప్రదాయ స్కీల గీతలు ఉండేది సరిగ్గా ఆ ప్రాంతంలోనే.

అదే సూత్రాన్ని ఈ రాకర్ స్కీకి పెడితే 82.3 నుంచి 6 పోగా 76.3 వస్తుంది, కంపెనీ గీతకి 8.5 సెం.మీ. వెనక. అక్కడ బిగిస్తే స్కీ తిప్పడానికి ముందు భాగం మీటరు పైచిలుకు పొడుగు చేయి అయిపోతుంది, తోక మంచులో కూరుకుపోతుంది. సూత్రంలో తర్కం బాగానే ఉంది, పౌడర్‌లో బరువు మోసేది నేల తాకే భాగం కాదన్నదే దానికి అందని సంగతి. మెత్తటి మంచులో గాల్లో ఉన్న ముక్కు, తోక కూడా మంచులోకి దిగి బరువు మోస్తాయి. అంటే కావలసింది స్కీ మొత్తం వైశాల్యపు మధ్య.

దానికి రెండు దారులు. ఒకటి లెక్క. ప్రతి 10 సెంటీమీటర్లకి వెడల్పు కొలిచి, ఆ వెడల్పుని తోక నుంచి దూరంతో గుణించి, అన్నీ కూడి, వెడల్పుల మొత్తంతో భాగించాలి. కొసల్లో వెడల్పుని సగమే లెక్కలోకి తీసుకోవాలి. మా జతలో కొన్ని అంకెలు: 20 దగ్గర 130, 50 దగ్గర 117.5, 80 దగ్గర 112, 110 దగ్గర 118, 150 దగ్గర 138, 170 దగ్గర 115 మి.మీ. ముక్కు చివరి 2.6 సెం.మీ. ముక్కని కూడా కలిపితే జవాబు 90.4. ఒక్కో స్కీ వైశాల్యం దాదాపు 2,140 చదరపు సెం.మీ. రెండో దారిలో లెక్కే అక్కర్లేదు. స్కీని అట్ట మీద పడుకోబెట్టి చుట్టూ గీసి, కత్తిరించి, ఆ అట్టని స్కేలు అంచు మీద తూచాలి. తూగిన చోటు 90.2. అట్టలో మడత లేకుండా, ఒకే మందం ఉండేలా చూసుకోవాలి, అతుకు టేపు కూడా తూకాన్ని జరుపుతుంది. రెండు మిల్లీమీటర్ల తేడాతో రెండూ కలిశాయి, చాలు.

ఇప్పుడు చూడండి. కంపెనీ గీత 84.8 మీద బూటు పెడితే పాదం కీలు 90.8 దగ్గర పడుతుంది. వైశాల్యపు మధ్య 90.4. నాలుగు మిల్లీమీటర్ల తేడా! కీలు వైశాల్యపు మధ్య మీద పడాలని ఎక్కడా శాసనం లేదు గానీ, గీతని ముందుకో వెనక్కో జరిపేటప్పుడు ఏం జరుగుతుందో ఊహించడానికి ఇంతకన్నా మంచి కొలత మాకు దొరకలేదు. ఎడ్లబండి ఎక్కించడం తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఇరుసుకి ముందు బరువెక్కువైతే ఎద్దుల మెడ వంగుతుంది, వెనక ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. ఇక్కడ ఇరుసు వైశాల్యపు మధ్య, మెడ స్కీ ముక్కు.

చిన్న పాదాలవాళ్లకి ఒక మాట. బూటు గీత నుంచి కీలుకి దూరం అందరికీ 6 సెం.మీ. కాదు. సోల్ 265 మి.మీ. ఉన్న బూటుకి అది 5 సెం.మీ. చుట్టూ ఉంటుంది. అంటే అదే గీత మీద బిగించినా వాళ్ల బరువు దాదాపు సెంటీమీటరు వెనక పడుతుంది. 22.5 బూటు వేసుకునేవాళ్లు ‘ఈ స్కీ తిరగడం లేదు’ అంటే తప్పు వాళ్ల కాళ్లలో వెతక్కండి, ముందు ఈ సెంటీమీటరు ముందుకి జరిపి చూడండి.

బైండింగ్ లేకుండా స్కీని వేలి మీద తూచి, ఆ చోటునే మధ్య అనుకునేవాళ్లూ ఉన్నారు. అది చెక్క ఎంత మందంగా ఉందో, అంచు ఇనుము ఎంతదాకా పోయిందో చెబుతుంది. బైండింగ్ చోటుకి దానితో పని లేదు.

పని రోజు 4 – మంచు మీద పరీక్ష

ఈ దశని వదిలేయాలని ఎంత అనిపించినా వదలకండి. కారణం రంధ్రాల్లో ఉంది. పాత రంధ్రానికి కొత్త రంధ్రానికి మధ్య, కేంద్రం నుంచి కేంద్రానికి, కనీసం 10 మి.మీ. ఉండాలని పనివాళ్ల లెక్క. అదే బైండింగ్‌ని అర సెంటీమీటరు జరపాలంటే రంధ్రాలు ఒకదాని మీద ఒకటి పడతాయి, కుదరదు. సెంటీమీటరు జరిపినా సరిహద్దులోనే. అంటే మొదటి బిగింపుతోనే సరైన చోటు దొరకాలి, లేదా రెండోసారి కనీసం సెంటీమీటరున్నర దూకాలి.

అందుకని అదే మోడల్, అదే పొడవు డెమో జతని అద్దెకి తీసుకున్నాం. డెమో బైండింగ్ పట్టాల మీద జరుగుతుంది. పట్టాల మీద ఉండే అంకెలు సోల్ పొడవువి. ముందు ముక్కా, వెనక ముక్కా రెండింటినీ 305 దగ్గర పెడితే గీత మీదే ఉన్నట్టు. సోల్ 20 మి.మీ. పెరిగితే ఒక్కో ముక్క 10 మి.మీ. జరుగుతుంది కాబట్టి, 15 మి.మీ. ముందుకి జరపాలంటే ముందు ముక్క 335 దగ్గర, వెనక ముక్క 275 దగ్గర. వెనక్కి 15 అయితే తిరగేసి, ముందు 275, వెనక 335. ప్రతిసారీ బూటు పెట్టి, వెనక ముక్క బూటుని ముందుకి నెట్టే ఒత్తిడి గుర్తు సరైన హద్దులోకి వచ్చిందా చూడాలి. అది చూడకుండా వాలు దిగితే బైండింగ్ విడవాల్సినప్పుడు విడవదు, విడవకూడనప్పుడు విడుస్తుంది. అన్ని డెమో రకాల్లో పట్టాలు ఇలా రెండు వైపులా సమంగా ఉండవు. అంకెలు కుదరకపోతే టేపుతో బూటు మధ్య గీతని కొలవడమే నమ్మకం.

రాత్రి పడిన తాజా మంచు, బాగా తడి. ఉదయం ఎవరూ తొక్కని చోట, మధ్యాహ్నం గుంటలు పడిన చోట, సాయంత్రం యంత్రంతో చదును చేసిన గట్టి వాలు మీద, ఒకే మూడు దారులు, మూడు చోట్లతో.

*ముందుకి 1.5 (86.3)* – చెట్ల మధ్య తిప్పడం చాలా తేలిక, పాదం కింద స్కీ బొంగరంలా తిరుగుతుంది. తోక గట్టిగా నిలుస్తుంది. కానీ తొక్కి గుంటలైన తడి మంచులో వేగం తగ్గగానే ముక్కు మునిగింది. లెక్క ప్రకారం కీలు 92.3 దగ్గర, వైశాల్యపు మధ్యకి దాదాపు 2 సెం.మీ. ముందు. మెడ వంగిన బండి అదే. మునగకుండా ఉండాలని వెనక్కి వాలితే తొడలు నొప్పి, పైగా వెనక్కి వాలాక అంచు మీద అదుపు ఉండదు. గట్టి వాలు మీద ముక్కు చటుక్కున మలుపులోకి దూకింది, తోక మలుపు చివర వదలకుండా పట్టుకుంది.

*గీత మీద (84.8)* – ఏ మంచులోనూ పెద్ద లోపం లేదు. తడి గుంటల్లో ఒకటి రెండుసార్లు ముక్కు తడబడింది.

*వెనక్కి 1.5 (83.3)* – తడి మంచులో ముక్కు ఎప్పుడూ పైనే, గుంటల్ని దున్నుకుంటూ పోయింది. గట్టి వాలు మీద మూడింటిలో ఇదే నిబ్బరం, బూటు మధ్య స్కీ నడుము సన్నని చోటుకి దగ్గరపడింది కాబట్టి. చెట్ల మధ్య మాత్రం ప్రతి మలుపుకీ కొంత బలం పెట్టాల్సి వచ్చింది. తాజా మంచులో నెమ్మదిగా పోతుంటే తోక కూర్చున్నట్టు అనిపించింది.

డెమో పట్టాల వల్ల బూటు మామూలు బైండింగ్ కన్నా కొన్ని మిల్లీమీటర్లు ఎత్తులో ఉంటుంది, కొంచెం ఆట కూడా ఉంటుంది. కాబట్టి ‘ఈ స్కీ ఇలా ఉంటుంది’ అని తీర్పు చెప్పకూడదు. మూడు చోట్లకీ ఎత్తు ఒకటే కాబట్టి, వాటిలో వాటికి పోలిక మాత్రం చెల్లుతుంది.

తర్వాత వెనక్కి 1.0 పెట్టి చూశాం, ముందు 285, వెనక 325. తడి గుంటల్లో తడబాటు పోయింది. చెట్ల మధ్య బరువు కొద్దిగా తెలిసినా ఇబ్బంది కాలేదు. నిర్ణయం అక్కడే: తోక నుంచి 83.8, అసలు మధ్యకి 7.5 వెనక. కీలు 89.8 దగ్గర, వైశాల్యపు మధ్యకి 6 మి.మీ. వెనక.

ఇదే జత పొడి మంచు కొండల మీద తిరిగేదైతే మేం గీతని కదిలించేవాళ్లం కాదు. చెట్లలోనే ఎక్కువ తిరిగేవాళ్లకి, లేదా గాల్లో తిరిగి వెనక్కి దిగేవాళ్లకి సెంటీమీటరు ముందుకే సరి. ఎవరికైనా గీత నుంచి 2 సెంటీమీటర్లు దాటి జరపాలనిపిస్తే మాత్రం అసలు ఎంచుకున్న పొడవు తప్పేమో చూసుకోవాలి.

పని రోజు 5 – గుర్తులు

బూటు పక్క మధ్య గీతని సరిచూశాం. 305 లో సగం 152.5, అచ్చు గీత ఒక మిల్లీమీటరు వెనక ఉంది. రంధ్రాల చోట్లు గీసి ఉన్న కాగితపు టెంప్లేటు సోల్ పొడవులో సగాన్నే లెక్క పెట్టుకుంటుంది. మిల్లీమీటరే కాబట్టి వదిలేశాం. 3, 4 మి.మీ. తేడా ఉంటే ఏ గీతని నమ్మాలో ముందే తేల్చుకోవాలి.

అదే పని చేసే, దుకాణంలో ఉండే ఇనుప జిగ్ అన్నిటికన్నా మేలు. కాగితపు టెంప్లేటు వాడితే మొదట చేయాల్సింది దాని మీది 100 మి.మీ. కొలగీతని కొలవడం. మొదటి అచ్చు 98.6 వచ్చింది, ప్రింటరు పేజీకి సరిపోయేలా కుదించింది. 305 మి.మీ. సోల్ మీద అది 4 మి.మీ. పైన తప్పు, వెనక ముక్కని సర్దే అవకాశాన్ని కొంత తినేస్తుంది. కుదింపు ఆపి మళ్లీ తీస్తే 100.0.

పొడవు మధ్య గీతని స్కీ మీది బొమ్మల్ని బట్టి గీయకూడదు, బొమ్మ వంకరగా ఉండొచ్చు. బైండింగ్ వచ్చే భాగానికి రెండు కొసల్లో, 40 సెం.మీ. దూరంలో, కాలిపర్‌తో వెడల్పు కొలిచి సగం గుర్తు పెట్టి, ఉక్కు స్కేలుతో కలిపాం. ముందు ముక్క మిల్లీమీటరు పక్కకి పోయినా బూటు స్కీ మీద కోణంగా నిలుస్తుంది.

టెంప్లేటుని 83.8 గీత మీద, మధ్య గీత మీద కూర్చోబెట్టి, కదలకుండా టేపు వేసి, ప్రతి రంధ్రం కేంద్రం మీద సెంటర్ పంచ్‌తో చిన్న దెబ్బ. పంచ్ లేకుండా డ్రిల్ పెడితే నున్నటి పైపొర మీద జారుతుంది. గుర్తులన్నీ అయ్యాక కాగితం తీసి, బైండింగ్ ముక్కల్ని వాటి మీద పెట్టి, వాటి రంధ్రాల్లోంచి పంచ్ గుర్తులు కనిపిస్తున్నాయా చూశాం. 16 లో ఒకటి ముప్పావు మిల్లీమీటరు పక్కకి ఉంది, సరిచేశాం. ఈ దశలో సరిచేసుకుంటే ఖర్చు లేదు.

బ్రేకు (బూటు ఊడినప్పుడు స్కీని ఆపే చేతులు) వెడల్పు కూడా ఇప్పుడే చూసుకోవాలి. నడుము 112 అయినా మడమ దగ్గర బ్రేకు చేతులు దిగే చోట కాస్త ఎక్కువ. 110 బ్రేకు అంచుకి రాసుకుంటుంది. 115 బిగుతు, 120 సుఖం. నడుము కన్నా 15 మి.మీ. మించి వెడల్పయితే మలుపులో మంచుకి తగిలి లాగుతుంది.

పని రోజు 6 – డ్రిల్లింగ్, బిగింపు

లోహం లేని చెక్క స్కీకి 3.5 × 9 బిట్, లోహపు పొర ఉన్నదానికి 4.1 × 9. మొదటి అంకె వ్యాసం, రెండోది లోతు, రెండూ మి.మీ.లో. చాలా స్కీల మీద ఈ అంకె ముద్రించే ఉంటుంది, వెతకండి. లోహం లేని స్కీలో 4.1 తో వేస్తే మరకి పట్టు తగ్గుతుంది. లోహం ఉన్నదానిలో 3.5 తో వేస్తే స్క్రూ లోహాన్ని పైకి లేపి పైపొర పుట్టలా ఉబ్బుతుంది, కొన్నిసార్లు స్క్రూ సగంలోనే బిగుసుకుపోతుంది. లోహం ఉన్నవాటికి 12 ఏబీ ట్యాప్‌తో ముందే మర కోయాలి.

స్కీ బిట్‌కి 9 మి.మీ. దగ్గర మెట్టు ఉంటుంది, అంతకన్నా లోపలికి పోదు. మామూలు బిట్‌కి రంగు టేపు చుట్టి లోతు ఆపుకుందాం అనుకోవద్దు, టేపు పైకి జారుతుంది, బిట్ అడుగులోంచి బయటికి వస్తుంది. డ్రిల్ చేసే ముందు అన్నిటికన్నా వెనక రంధ్రం దగ్గర స్కీ మందం కొలవాలి, స్కీ కొసల వైపు పలచబడుతుంది. బైండింగ్ పలక కింద స్క్రూ ఎంత బయటికి వస్తుందో అదీ కొలవాలి. 9 మి.మీ. రంధ్రానికి అంతకన్నా పొడుగు స్క్రూ వేస్తే అడుగున చిన్న బొడిపె లేస్తుంది. ఒక్కో ముక్కకి స్క్రూల పొడవు వేరువేరుగా ఉంటుంది కాబట్టి పెట్టెలోంచి తీసిన వరస కలవకుండా పెట్టుకోవడం మంచిది.

డ్రిల్ నిలువుగా పట్టుకుని, వేగం తక్కువ. రంధ్రం అంచున లేచిన పైపొరని చిన్న కోణపు బిట్‌తో చేత్తోనే ఒక చుట్టు తీసేశాం, లేకపోతే పలక ఆ లేచిన అంచు మీద కూర్చుని సందు వదులుతుంది. పొట్టు ఊది, స్కీని బోర్లించి తట్టాం.

ప్రతి రంధ్రంలో రెండు మూడు చుక్కల చెక్క జిగురు. జిగురు ఉన్నది స్క్రూని అంటించడానికే అనుకుంటారు. దాని అసలు పని నీటిని ఆపడం. జిగురు లేని రంధ్రంలోకి కరిగిన మంచు దిగి, చెక్క ఉబ్బి, గడ్డకట్టి, ఒకటి రెండేళ్లలో స్క్రూ ఊడి చేతికి వస్తుంది. స్క్రూ తేలిగ్గా దిగడానికీ అది సాయం.

స్క్రూడ్రైవర్ పోజిడ్రైవ్ 3 వ నంబరు. చూడడానికి ప్లస్ తలలాగే ఉన్నా మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ పెడితే జారి తల తినేస్తుంది. మోటారు డ్రిల్‌తో బిగించకూడదు, చెక్కలో మర చెరిగేది ఆ చివరి పావు చుట్టులోనే. చేత్తో, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ, ముందు అన్నీ సగం, తర్వాత అన్నీ పూర్తి. బిగింపు 4 న్యూటన్ మీటర్ల చుట్టూ. పలక కింద వెలుతురు కనిపిస్తే ఇంకా బిగించడం తప్పు. స్క్రూ పైపొరని పైకి లాగుతోందన్నమాట. పూర్తిగా విప్పి, పలకని చేత్తో అదిమి పట్టి మళ్లీ బిగించాలి. కుడి స్కీ ముందు ముక్కలో ఒక మూల అలా జరిగింది, రెండోసారికి కూర్చుంది. బయటికి వచ్చిన జిగురు తడిగుడ్డతో తుడిచి రాత్రంతా ఆరనిచ్చాం.

మర చెరిగితే ఏం చేయాలో కూడా రాసిపెడుతున్నాం. అదే రంధ్రంలో అగ్గిపుల్లలు కుక్కి బిగించడం ఒక రోజుకి సరిపోతుంది, దాన్ని నమ్ముకుని వాలు దిగకూడదు. ఎపాక్సీతో నింపిన ప్లగ్ కొట్టి, ఆరాక తిరిగి వేయాలి, లేదా దుకాణంలో లోపల మర ఉన్న ఉక్కు ఇన్సర్ట్ పెట్టించాలి. ఇన్సర్ట్‌కి రంధ్రం పెద్దది, స్క్రూ కూడా మారుతుంది, 5 మి.మీ. యంత్రపు మర కావాలి.

పని రోజు 7 – సర్దుబాటు

బూటు సోల్ అడుగున పాత ఐఎస్‌ఓ 5355 రకమా (చదునైన గట్టి సోల్), గ్రిప్‌వాక్ రకమా (నడవడానికి వీలైన వంపు సోల్) చూసి, బైండింగ్ దాన్ని తీసుకుంటుందా నిర్ధారించుకున్నాం. ముందు ముక్క ఎత్తు సర్దే రకమైతే, బూటుకి పలకకి మధ్య కంపెనీ చెప్పిన సందు ఉండాలి. వెనక ముక్క జరిపి ఒత్తిడి గుర్తు హద్దులోకి తెచ్చాం. సోల్‌కి అంటిన మంచు, మట్టి తుడిచి ఒకసారి, బూటు పెట్టి తీసి మళ్లీ ఒకసారి.

విడుదల అంకె, అంటే ఎంత బలానికి బైండింగ్ బూటుని విడవాలో చెప్పే అంకె, ఊహించి పెట్టేది కాదు. బరువు, ఎత్తు, వయసు, సోల్ పొడవు, స్కీ చేసే తీరు, ఈ ఐదూ కలిపి కంపెనీ పట్టికలోంచి తీసుకోవాలి. స్నేహితుడి అంకె మీకు పనికిరాదు, సోల్ పొడవు ఒక్కటి మారినా అంకె మారుతుంది. పట్టిక అంకె పెట్టి, జతని దుకాణానికి తీసుకెళ్లి టార్క్ యంత్రం మీద తనిఖీ చేయించాం. ముందు పక్కకి విడుదల, వెనక పైకి విడుదల రెండూ హద్దులోనే వచ్చాయి.

చివరిగా బూటు పెట్టి మధ్య గీతని తోక నుంచి కొలిచాం. ఎడమ 83.8, కుడి 83.9. ముందున్న పాత ముద్రగీతల మీద నల్ల టేపు వేశాం, తర్వాత ఎవరైనా ఈ జత మీద పనిచేస్తే వాటిని నమ్మి మోసపోకుండా. కొలతల చీటీ ఒకటి రాసి, ముందు ముక్క కింద పలక పక్కన ప్లాస్టిక్ కవర్లో అంటించాం: సోల్ 305, మధ్య 83.8, బిట్ 3.5 × 9.